వేళ్ల లెక్క

మా ఇంట్లో నాకు అనుమానపు పక్షి అని పేరు. పెట్టింది మా అమ్మ. పాలల్లో వేలు ముంచి చూడనిదే పొయ్యి మీద పెట్టను. టికెట్టు మీద ఊరి పేరు చదివి గానీ బస్సులో కూర్చోను. ఫోన్లో ఏదైనా వింత కనిపిస్తే అది నిజమో కాదో తేలేదాకా చేతిలో పని సాగదు.

తప్పు నాది కాదు, నా పనిది. జగిత్యాలలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైన్లు చేస్తాను. కోరుట్లలో పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం దాకా కంప్యూటర్ ముందు కూర్చొని అబద్ధాలు తయారు చేయడమే నా ఉద్యోగం. బట్టతల మీద జుట్టు మొలిపిస్తాను. ఎన్నడూ ఎదురుపడని ఇద్దరిని పుట్టినరోజు ఫ్లెక్సీలో భుజం భుజం ఆనించి నిలబెడతాను. ఒకసారి ఎవరో చనిపోయిన ముసలామె ఫొటో తెచ్చారు. ఉన్నది అదొక్కటే, అందులోనేమో ఆమె ఏడుస్తోంది. కళ్లు తుడిచి, నవ్వించి పంపాను. ఇన్ని చేసేదాన్ని, ఇంకొకరు చేసింది చూసి ఎట్లా నమ్ముతాను?

అయినా ఆ వీడియోలంటే నాకు పిచ్చి. ఒక ముసలాయన ఒక్క మేకు కూడా లేకుండా కర్రతో గడియారం చేస్తాడు, లోపలి పండ్ల చక్రాలతో సహా. ఒకామె గుడ్డుపెంకు మీద సూదిమొనతో లతలు చెక్కుతుంది. తుప్పుపట్టి ముద్దయిపోయిన తాళంకప్పను ఒకతను నూనెలో నానబెట్టి, విప్పి, రుద్ది, మళ్లీ బిగించి చెవి తిప్పితే టక్కున తెరుచుకుంటుంది. ఆ టక్కు కోసం నేను అన్నం డబ్బా ముందు పెట్టుకొని కదలకుండా కూర్చుంటాను. కూర్చొని అనుమానిస్తాను. రాయి కొడుతున్నాడు కదా, దుమ్మేది? గడియారం నడుస్తోంది సరే, ముల్లు నీడ ఏది? పెద్ద దుంగను కారులా చెక్కినాయన పక్కన చిటికెడు పొట్టు లేదు. ఆ వీడియో సంగతి అక్కడే తేల్చేశాను.

ఇప్పుడైతే కంప్యూటరే సొంతంగా వీడియోలు చేసేస్తోంది. దాన్ని పట్టుకోవడానికి నాకు రెండు గుర్తులున్నాయి. ఒకటి గోడల మీది రాత: కంప్యూటర్ గీసిన అక్షరం ఏ భాషకూ చెందదు. రెండోది చేతివేళ్లు: ఆరుంటాయి, లేదా నాలుగుంటాయి, లేదా రెండు కలిసి ఒకటైపోతాయి. మా చుట్టాల గ్రూపులో ఎవరేం పంపినా కింద నా తీర్పు ఒకటే: వేళ్లు లెక్కపెట్టండి. ఈ తీర్పుతో ఎన్ని వింతల నోళ్లు మూయించానో లెక్కలేదు, నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

మా దుకాణం పక్కన వెల్డింగ్ చేసే చాచా ఉన్నాడు. ఫ్లెక్సీలకు ఇనుప ఫ్రేములు ఆయనే చేసిస్తాడు, మధ్యాహ్నం మాతోనే కూర్చొని తింటాడు. నేను చూపుడువేలు పైకెత్తి పెట్టుకొని మిగతా వేళ్లతో అన్నం కలుపుతానట. "ఎవలకు సైగ చేస్తున్నవ్ బేటీ, బువ్వ తినుకుంట?" అని రోజూ ఎక్కిరిస్తాడు. చిన్నప్పటి అలవాటు, ఎంత అనుకున్నా పోదు.

అమ్మా బాపూ ఉండేది సిరిసిల్లలో. బాపు అక్కడ సాంచలు నడుపుతాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. నేను పుట్టకముందు నుంచీ ఒకే ఆసామి దగ్గర, ఒకే కార్ఖానాలో పని. రెండేళ్ల నుంచి ఆయన కుడికన్ను మసకేసింది. ఆపరేషన్ అంటే "సూద్దాం తియ్యి" అంటాడు. కంటితో చూడాల్సింది చేత్తో తడిమి తెలుసుకుంటాడు. సాంచ పక్కన తిరిగే పండ్ల చక్రాలకు ఒకప్పుడు రేకు మూతలు ఉండేవట. మరమ్మతుకని తీసినవి మళ్లీ ఎవరూ బిగించలేదు.

పోయిన ఎండాకాలం బాపు చొక్కా చెయ్యి ఆ చక్రాల్లో పడి మోచేతి దాకా చినిగిపోయింది. చెయ్యి మాత్రం బయటపడింది. అమ్మ ఆ చొక్కాను పారేయకుండా దండెం మీదనే ఉంచింది, పోతూ వస్తూ ఆయన కంటబడాలని. పని మానమంటే వినడు, మూత పెట్టించుకోమంటే రేకు మూత తీసి పెట్టేసరికి పొద్దుపోతుందంటాడు. అప్పటి నుంచి సిరిసిల్ల నుంచి ఫోన్ వచ్చిందంటే ఇవాళ ఏ చెయ్యో అనే భయం.

వానలు మొదలైన రోజుల్లో బాపు నాకొక వీడియో పంపాడు. ఆయన ఎన్నడూ ఏదీ పంపే మనిషి కాదు. తెరిచి చూస్తే, ఏ దేశానిదో ఒక సాంచ. మనిషి ముఖం కనిపించదు, చేతులే కనిపిస్తాయి. పండ్ల చక్రాల మీద ఇనుప జాలి మూత ఒకటి బిగించాడు. మూతకు ఒక తీగ కట్టి, ఆ తీగ రెండో కొసను సాంచ నడిపే హ్యాండిల్‌కు తగిలించాడు. మూత ఎత్తితే తీగ గుంజుతుంది, హ్యాండిల్ జారుతుంది, సాంచ ఆగిపోతుంది. మూత తెరిచి ఉన్నంతసేపు అది నడవదు. చెయ్యి పెడదామన్నా తిరిగే చక్రం దొరకదు. అంత చిన్న ఉపాయం, అంత అందంగా ఉంది. అందంగా ఉండేసరికే నాకు అనుమానం వచ్చింది.

వెంటనే బాపు ఫోన్ చేశాడు.

"సూసినవా బిడ్డా?"

"చూసిన బాపు."

"నిజమేనా గది? జాలి తెచ్చి పెట్టిన. నువ్వు సూసి చెప్పినంక బిగిస్త."

ఒక్క నిమిషం ఆగమని మళ్లీ చూశాను. వెనక గోడ మీద ఏదో రాసి ఉంది, అన్నీ జిలేబీ చుట్టల్లాంటి అక్షరాలు. తెలుగు కాదు, హిందీ కాదు, ఉర్దూ కాదు, ఇంగ్లీషు అసలే కాదు. చేతులు చూశాను. కుడిచేతి నడిమివేలు సగంలోనే అయిపోయింది. ఆపి మూడుసార్లు లెక్కపెట్టాను. నాలుగున్నరే. దొరికావురా అనుకున్నాను.

"ఉత్తదే బాపు. కంప్యూటర్ చేసింది. గోడ మీది రాత రాతే కాదు, చేతికి వేళ్లు సక్కగ లేవు. గసొంటిది నమ్మి సాంచకు తీగలు కట్టినవనుకో, నడిమిట్ల తెగి మీద వడ్తది."

అవతల సాంచల చప్పుడులో బాపు గొంతు పెంచాడు.

"వేళ్లు సూసే చెప్తున్నవా?"

"ముందుగాల వేళ్లే చూడాలె బాపు."

"సరే బిడ్డా. కంప్యూటర్ల పని చేసేదానివి. నువ్వన్నంక ఇగ గంతే."

మర్నాడు అన్నాల దగ్గర ఆ వీడియోను చాచాకు చూపించాను, నా తెలివి చూపించుకోవడానికే. ఆయన కళ్లద్దాలు పెట్టుకొని ఫోన్‌ను ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు.

"గీ అతుకు చూడు బేటీ. వంకర పోయింది, గీ కడ బుడిపె లేచింది. నాసొంటోడు చేసిన పనే గిది. కంప్యూటర్ చేస్తే సాఫ్‌గ చేస్తది గదా?"

"ఇప్పుడు కంప్యూటర్ బుడిపెలు గూడ పెడ్తది చాచా."

"గట్లయితె ఇగ నేనెందుకు?" అని డబ్బా మూత పెట్టుకొని లేచిపోయాడు. ఇలాంటి మూతలు చేసి అమ్ముదామని చూస్తున్నాడేమో అని ఆయన్ను కూడా అనుమానించాను. నా బుద్ధి అట్లాంటిది.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం కోరుట్ల నుంచి వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయాను. అమ్మ ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. బాపు తెచ్చిన ఇనుప జాలి వంటింటి కిటికీకి కట్టి ఉంది, కోతులు రాకుండా. పోనీలే, దేనికో ఒకదానికి పనికొచ్చింది అనుకున్నాను.

కార్ఖానా నుంచి బాపు తిండికి వచ్చాడు. ఎడమచేతి వేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది.

"ఏంది బాపు గది?"

"దర్వాజ తాకింది."

"దర్వాజ తాకితె ఒక్క వేలే నలుగుతదా?"

బాపు పళ్లెం ముందుకు జరుపుకున్నాడు. అమ్మ చాటలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. "దర్వాజ లేదు, ఏం లేదు. సాంచల వడ్డది. గోరు ఊసిపోయింది. ఇంకింత లోపలికి పోతె వేలే పోవు. నీకు చెప్పొద్దన్నడు."

నాకు ఒళ్లు మండిపోయింది. భయం వేసినప్పుడు నాకు ముందు కోపమే వస్తుంది. ఆ కన్నుతో ఆ పనికి ఎందుకు పోతున్నావని, చెయ్యి పోయాక ఎవరికి చూపిస్తావని, ఏదో ఒక మూత పెట్టించుకుంటే నీ సొమ్మేం పోయిందని నోటికొచ్చినట్టు అరిచాను. బాపు అన్నీ విని, నెమ్మదిగా ఒక్క మాటన్నాడు.

"జాలి బిగిస్తనంటె నువ్వే వద్దంటివి గదనే."

తప్పు నా మీదికి వచ్చేసరికి ఫోన్ తీశాను. నాది ఒట్టి మాట కాదని చూపించాలి కదా. ఆయన పళ్లెం పక్కనే పెట్టి, వీడియోను వేళ్ల దగ్గర ఆపాను.

"నువ్వే చూడు బాపు. ఒకటి, రెండు, మూడు. గీడ చూడు, సగమే ఉన్నది. మనిషి వేలు గిట్ల ఉంటదా ఎక్కడన్న?"

బాపు తినడం ఆపాడు. అన్నం మెతుకులున్న కుడిచెయ్యిని అట్లాగే తెచ్చి ఫోన్ పక్కన నేల మీద పెట్టాడు. చూపుడువేలు రెండో కణుపు దగ్గర ఆగిపోయి ఉంది, కొన నున్నగా, ముడుచుకొని.

"సంకల పిల్లను వెట్టుకొని ఊరంత దేవులాడినట్టున్నది నీ కత" అంది అమ్మ.

చెబితే ఎవరూ నమ్మరు. ఇంకొకరు చెబితే నేనూ నమ్మను. బాపు వేలు సాంచలో పోయిందని నాకు తెలియదా అంటే తెలుసు. బడిలో ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని కూడా. కానీ అది పోయింది నేను పుట్టకముందు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చెయ్యి అంతే. ఆ చేత్తో నాకు జడ వేశాడు, పలక మీద చెయ్యి పట్టి దిద్దించాడు, జ్వరమొస్తే నుదురు ముట్టి చూశాడు. ఊళ్లో వాళ్లందరి వేళ్లూ లెక్కపెట్టాను గానీ ఆ చేతివి ఎన్నడూ లెక్కపెట్టలేదు. నా లెక్కలో అది నిండు చెయ్యే.

"నేను నమ్మిందే గా వేలు సూసి బిడ్డా" అన్నాడు బాపు. "ఇంకోపారి నడిపి సూడు. నట్టు బిగించేటప్పుడు గా మొండివేలు ఇనుముకు తాకకుంట ఎట్ల ఎత్తి పట్టిండో. మొండి కొనకు ఇనుము తాకితె నెత్తి దాక జివ్వుమంటది. వేలు పోయినోనికే ఎరుక. గది కంప్యూటర్‌కు ఎవలు చెప్పిండ్రు?"

నడిపి చూశాను. నిజమే. నట్టు తిప్పే ప్రతిసారీ ఆ సగం వేలు పైకి లేస్తోంది. గోడ మీది జిలేబీ చుట్టలు కూడా నాకు చదవరాని ఏ దేశపు రాతో.

"మరి నాకెందుకు చెప్పకపోతివి బాపు?"

"వేళ్లు సూసే చెప్తున్నవా అంటి గద. అవునంటివి. సదువుకున్నదానివి, నాకు కానరానిది ఇంకేమన్న కనవడ్డదేమో అనుకున్న."

అని మళ్లీ తినడం మొదలుపెట్టాడు. చూపుడువేలు పైకెత్తి పెట్టుకొని, మిగతా వేళ్లతో కలుపుకుంటూ. చిన్నప్పుడు నేను అట్లాగే తింటుంటే అమ్మ నా వేలి మీద ఒక్కటిచ్చేది. "నీకేం రోగం, నీ వేలు మంచిగనే ఉన్నది గదా" అనేది. నేను మానలేదు. అన్నం అట్లాగే తింటారనుకున్నాను. నాకు సిగ్గేసింది, ఏడుపు కూడా వచ్చింది. లేచిపోయి కిటికీకి కట్టిన జాలి విప్పడం మొదలుపెట్టాను.

"కోతులొస్తయే" అంది అమ్మ.

"రానీ."

జాలిని బస్సులో ఒళ్లో పెట్టుకొని జగిత్యాల తెచ్చాను. చాచా దానికి చట్రం చేసి, తెరిచి మూయడానికి కబ్జాలు అతికి మూతలా ఇచ్చాడు. ఒక మూల వెల్డింగ్ బుడిపె తేలి ఉంది. "నకిలీ అంటవని కావాలెనే పెట్టిన బేటీ" అన్నాడు. తలవంచుకొని తీసుకున్నాను.

పై ఆదివారం ఆసామిని అడిగి, కార్ఖానాలో బాపు సాంచకు ఇద్దరం కలిసి బిగించాం. వీడియోలో ఉన్నట్టే తీగ కట్టాం. బాపు సాంచ నడిపి, మూత కొసను పట్టి ఎత్తాడు. హ్యాండిల్ జారింది. చుట్టూ సాంచలన్నీ మోగుతుండగా మాది ఒక్కటే ఆగింది. నా అనుమానం ఊరుకోక పదిసార్లు ఎత్తించాను. పదిసార్లూ ఆగింది.

మిగిలిన కార్ఖానాల వాళ్లకు పంపుదామని ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను. బాపు కుడిచెయ్యిని వీపు వెనక్కి పెట్టుకొని, పేలిక చుట్టిన ఎడమచేత్తో మూత ఎత్తబోయాడు.

"గా చెయ్యి ఎందుకు దాస్తున్నవ్ బాపు?"

"నీసొంటోళ్లు లెక్కవెడ్తరు గద బిడ్డా."

"గదే ముందుకు పెట్టు" అన్నాను. బాపు నవ్వుతూ కుడిచెయ్యి తెచ్చి జాలి మీద పరిచాడు. మా వీడియోలో మొదట కనిపించేది ఆ చెయ్యే.

రెండు రోజులకు దాని కింద ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి రాశాడు. "నకిలీ వీడియో. వేళ్లు లెక్కపెట్టండి."

జగిత్యాలలో, కంప్యూటర్ ముందు, సగం తిన్న అన్నం డబ్బా పక్కన పెట్టి జవాబు రాశాను. "లెక్కవెట్టిన. అన్నీ ఉన్నయి."