గూటి పైన సుద్దగీత

ఆ పొద్దున మా అన్న తౌసీఫ్ ఎత్తుపీట ఎక్కి గోడ కొలిచాడు. ముందుగదిలో ఖురాన్ ఉండే గూటి నుంచి పైకప్పు దాకా ఒకసారి, అడ్డంగా ఇంకోసారి, తన దర్జీ టేపుతోనే కొలిచాడు. జేబులోంచి గుడ్డల మీద గీసే నీలం సుద్దముక్క తీసి, గూటికి బాగా పైన, కప్పుకు కొంచెం కింద ఒక గీత గీశాడు. ఏందిరా అది అని అమ్మీ చేత్తో అడిగితే, ఏమీ లేదన్నట్టు అరచేయి తిప్పాడు. టేపు మెడలో వేసుకుని చాయ్ తాగి దుకాణానికి వెళ్లాడు. మధ్యాహ్నం కాకముందే కత్తిరింపుల బల్ల మీదికి వాలిపోయాడట. పక్క దుకాణం వాళ్లు ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకుపోయేసరికే అంతా అయిపోయింది.

నేను డోర్నకల్ నుంచి రైల్లో వచ్చాను. దారి పొడుగునా ఫోను చేతిలోనే ఉంది. ఎవరికీ చెయ్యలేదు. నాకు ఫోను అంటే అన్నే.

అన్నకు చెవులు వినపడవు. రఘునాథపల్లిలో ఉన్నప్పుడు, మూడేళ్ల వయసులో జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతో పాటు వినికిడీ పోయిందని ఇంట్లో తెలిసేసరికి కొన్ని నెలలు పట్టింది. పిలిస్తే పలకడం లేదని నాన్న రెండుసార్లు కొట్టాడట కూడా. ఆ మాట తలుచుకుని నాన్న చనిపోయేదాకా ఏడ్చాడు. తర్వాత మేము వరంగల్‌కు వచ్చి రంగశాయిపేటలో ఉండిపోయాం. అన్న బడికి పోలేదు. నాన్న మిషను పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్నాడు. మాటలు మాత్రం మేమే తయారు చేసుకున్నాం. అమ్మీ అంటే ముక్కుపుడక. నాన్న అంటే మీసం. డోర్నకల్ అంటే రైలు కూత వేసే గొలుసు లాగడం. రేపు అంటే చెంప కింద చెయ్యి పెట్టి నిద్రపోయి, లేచి ఒక వేలు చూపడం. నా పేరు సుమయ్యా అని ఊరందరికీ తెలుసు కానీ, అన్నకు నేను భుజం మీంచి ముందుకు లాగిన జడను. చిన్నప్పుడు నన్ను పిలవాలంటే జడ పట్టి లాగేవాడు. నేను దూరంగా ఉంటే గాలిలో లాగేవాడు. అదే నా పేరయింది. జుట్టు సగం పోయి, మిగిలింది ముడి వేసుకునే వయసు వచ్చినా నా పేరు మారలేదు.

మండీబజారులో అన్న దుకాణానికి వచ్చేవాళ్లకు అతనితో మాట్లాడటం ఒక సరదా. రంజాను ముందు రద్దీలో కూడా ఎవరి నడుం కొలిచినా పోయినేడు కొలతకు ఇప్పటికి ఎంత పెరిగిందో టేపు మీద వేళ్లతో పట్టి దుకాణంలో అందరికీ చూపించేవాడు. పైగా బుగ్గలు పూరించేవాడు.

"ఏం భాయ్, నా ఇజ్జతంత తీస్తానవ్. జర లూజుగ కుట్టు, దావత్‌లు మస్తున్నయ్!" అని ఆ పెద్దమనిషి అరిచేవాడు.

"ఎంత అరిచినా ఇనబడదు గదనే," అని పక్కవాడు.

"ఇనబడకున్నా తిడుతున్ననని ఎరుకే ఆయనకు. సూడు, ఎట్ల నవ్వుతాండో!"

నిజంగానే నవ్వేవాడు. నోటినిండా గుండుసూదులు పట్టుకుని నవ్వడం అన్నకే చేతనయ్యేది.

నాకు పెళ్లయి డోర్నకల్ వెళ్లాక, అక్కడి బడిలో టీచరుగా చేరాక, కబుర్లన్నీ నా దగ్గర పోగుపడేవి. ఎప్పుడో ఒక ఆదివారం రైలెక్కి వచ్చి చేతులు నొప్పి పుట్టేదాకా చెప్పేదాన్ని. తర్వాత వీడియో కాల్ వచ్చింది. మా ఇద్దరికీ టెలిఫోను పుట్టింది ఆరోజే అనాలి. కానీ మా సందులో, ఆ పాత మట్టిగోడల మధ్య, మొబైల్ సిగ్నల్ ఉండదు. అన్న మెయిన్ రోడ్డు దాకా నడిచి, ఆటోల మధ్య నిలబడి చేసేవాడు. ఒక చేతిలో ఫోను పట్టుకోవాలి కాబట్టి మాట్లాడటానికి ఒక చెయ్యే మిగిలేది. మా మాటల్లో సగం రెండు చేతులతో చెప్పేవే. పెళ్లి చెప్పలేడు, దెబ్బలాట చెప్పలేడు. సగం నోరు కట్టేసినట్టు ఉండేది.

అందుకని నేనే పట్టుబట్టి ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ పెట్టించాను. ఫోనును కుట్టుమిషనుకు ఆనించి, నా ముందు కూర్చున్నట్టు కూర్చుని, రెండు చేతులతో మాట్లాడాలని.

వంద ఎంబీపీఎస్ అన్నారు. మొదటి వారంలోనే బొమ్మ ఆగిపోవడం మొదలైంది. చెవులున్నవాళ్లకు బొమ్మ ఆగినా గొంతు వస్తూ ఉంటుంది. మాకు బొమ్మ ఆగితే మాటే ఆగినట్టు. అన్న చెయ్యి గాల్లో లేచి అక్కడే ఉండిపోయేది. ఏం చెప్పబోయాడో తెలియదు. మళ్లీ బొమ్మ కదిలేసరికి కథ అయిపోయి తను నవ్వుతూ ఉండేవాడు. నేనూ నవ్వేదాన్ని, అర్థమైనట్టు.

నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. ప్లగ్గు తీసి, పది లెక్కబెట్టి, మళ్లీ పెట్టమని సైగ చేసేదాన్ని. అన్న వెళ్లి ప్లగ్గు తీసేవాడు, కాల్ కట్టయ్యేది, నేను నల్లటి తెర చూస్తూ కూర్చునేదాన్ని. పక్కింటి పిల్లలు వాడుతున్నారేమోనని పాస్‌వర్డ్ మార్పించాను. ఫోను పాతదని కొత్తది కొనిపించాను. చివరికి కంపెనీకి ఫిర్యాదు చేస్తే ఉదయ్ అనే టెక్నీషియన్ వచ్చాడు. ఆరోజు నేను రంగశాయిపేటలోనే ఉన్నాను.

అతను ముందు వైరును నేరుగా తన ల్యాప్‌టాప్‌కు పెట్టి చూశాడు. తొంభై దాటింది. తర్వాత ముందుగదిలో, అన్న కూర్చునేచోట, ఫోనులో చూశాడు. నాలుగు.

"లైను మంచిగనే ఉంది మేడం. ఫైబర్ మీ గడప దాక ఉరుక్కుంట వస్తాంది. ఇంట్లకు వచ్చినంకనే ఆగమైతాంది. గా రూటర్ ఏడ పెట్టిండ్రు?"

నడవలో, ఆకుపచ్చ ఇనుపబీరువా వెనక, నేల మీద ఉంది. మొదట బిగించినవాళ్లు అక్కడే వదిలేశారు, ప్లగ్గు ఉంది కదా అని.

"ఇనుము ఎనక పెడితే ఎట్ల వస్తది మేడం? మీ గోడ చూస్తే రెండు జానల మందమున్నది. వైఫైల రెండు తీర్లుంటయ్. ఒకటి స్పీడు గని గోడ దాటదు. ఇంకోటి దాటుతది గని వాడకట్టోళ్లందరు దాని మీదనే ఉన్నరు. ముందటి రూములకు తెచ్చి, ఎత్తుల పెట్టాలె. గంతే."

ముందుగదిలో ఉన్న ప్లగ్గులు రెండే. మిషను దగ్గరిది ఇస్త్రీపెట్టెకు. రెండోది గూటికి పైన, ఎప్పుడో బల్బు కోసం పెట్టించింది. ఉదయ్ అక్కడ మేకు కొట్టి రూటర్‌ను తగిలించాడు. ఫోనులో చూస్తే ఎనభై.

ఆరోజు రాత్రి బండికి డోర్నకల్ చేరి, మర్నాడు సాయంత్రం కాల్ చేశాను. అన్న చేతులు నీళ్లలా కదిలాయి. ఒక పెళ్లికొడుకు షేర్వానీ వేసుకుని చూసుకుంటూ అద్దాన్ని గుద్దుకున్న సంగతి మొత్తం, అద్దంతో సహా, చెప్పాడు. నేను కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. వెనక మంచం మీద అమ్మీ కూడా కనపడింది, తస్బీ పూసలు తిప్పుకుంటూ.

ఆ మర్నాటికి బొమ్మ మళ్లీ ఆగింది.

ఉదయ్ మళ్లీ వెళ్లాడు. అక్కణ్నుంచే నాకు ఫోను చేశాడు.

"మేడం, మీ ఇంట్ల దయ్యం తిరుగుతాంది. నేను మీద పెట్టిపోత, అది కిందికి దిగుతది. మళ్ల బీరువా ఎనకనే ఉన్నది. అమ్మను అడిగితే నాకేం ఎరుక బిడ్డా అంటాంది."

మళ్లీ తగిలించాడు. మళ్లీ దిగింది. ఎవరు దింపుతున్నారని అన్నను అడిగాను. అన్న తన గుండె మీద వేలు పెట్టి చూపించాడు. నేనే. ఎందుకు అంటే, వేడెక్కుతోంది, కాలుతుందేమో అని భయం అన్నాడు. నేను రెండు చేతులతో తిట్టాను. నీకోసం పెట్టించిన దాన్ని నువ్వే పాడు చేస్తావా అని. అన్న రెండు చెవులు పట్టుకుని గుంజీ తీసినట్టు నటించాడు. తన మోకాళ్లు తట్టుకోలేవు కాబట్టి సగంలో ఆపేశాడు.

అప్పట్నుంచి కొన్ని నెలలు, అన్న బొమ్మ వెనక ఎప్పుడూ ఆకుపచ్చ రంగే. ఫోను ఎదురుగా పేర్చిన ఇటుకల మీద పెట్టి, బీరువాకు ఆనుకుని నేల మీద కూర్చునేవాడు. మోకాళ్లు గడ్డం దాకా వచ్చేవి. చేతులు ఆ మోకాళ్ల మధ్య నుంచే మాట్లాడేవి. అక్కడ బొమ్మ ఆగేది కాదు, పెద్దగా. మిషను దగ్గర కూర్చోవచ్చు కదా అంటే ఇక్కడ చల్లగా ఉంది అనేవాడు.

చివరిసారి మాట్లాడింది పోవడానికి ముందటి సాయంత్రం. ఏదో చెప్పబోయి ఆపి, ముసిముసిగా నవ్వి, చెంప కింద చెయ్యి పెట్టి నిద్రపోయి లేచాడు. ఒక వేలు చూపాడు. రేపు.

మూడోనాటి జియారత్ అయి, చుట్టాలు వెళ్లిపోయాక అమ్మీ నేనూ ఆ ముందుగదిలో మిగిలాం. మిషను మీద ఎవరో దుప్పటి కప్పారు. గూటిపైన మేకు ఖాళీగా ఉంది. దానికి పైన నీలం గీత. నేను ఆ మేకును చూస్తుంటే అమ్మీయే అంది.

"నేనే దింపిన బిడ్డా."

"ఏంది అమ్మీ?"

"గా డబ్బా. కలామేపాక్ నెత్తి మీద కూసొని మినుకుమినుకుమంటాంటె నాకు నమాజుల దిల్ నిలవలే. దాని మీద ఏదన్న పెడతరా ఎవరన్న? మనం ఎన్నడన్న పెట్టినమా? గా పోరనికి ఎరుక లేదాయె, మీద పెట్టిపోయె. ఆ పిలగానికి ఏం చెప్త, బాధపడ్తడని నేనే దింపిన. కరెంటుంటె చాలనుకున్న. ఏడుంటె ఏందనుకున్న."

మా ఇంట్లో ఖురాన్‌కు పైన ఏదీ ఉండదు. నాకు తెలుసు. పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఉదయ్ మేకు కొడుతున్నప్పుడు పక్కనే ఉన్నాను, నా కళ్లు ఫోనులో పెరుగుతున్న అంకె మీద ఉన్నాయి.

"మరి అన్న తనే తీసిన అన్నడు గదా?"

"వాడు చూసిండు. ఒకనాడు దుకాణం నుంచి జల్ది వచ్చె. నేను పీట మీద ఉన్న. నా చేతుల డబ్బా ఉన్నది. వచ్చి పీట పట్టుకున్నడు, నేను పడకుంట."

ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. కొంగు లోపల్నుంచే అంది.

"గా బీరువ కాడ నేల మీద కూసునేటోడు. మోకాళ్లు నొస్తయ్ లేవురా అంటె, సల్లగుంది అని చెయ్యి ఊపేటోడు. నిజమే అనుకున్న. లేవాలంటె బీరువ పిడి పట్టుకొని లేసేటోడు బిడ్డా. నీతోని మాట్లాడి లేసినప్పుడల్ల."

అమ్మీ చేసింది తప్పని అన్న నెలల తరబడి అనలేదు. నేనెట్లా అంటాను? నడవలోకి వెళ్లి చూశాను. ఇటుకలు అలాగే ఉన్నాయి. బీరువా పిడి చుట్టూ ఆకుపచ్చ రంగు పోయి ఇనుము తేలింది.

నేను సెలవు పొడిగించుకుని అక్కడే ఉన్నాను. ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర చంద్రమౌళి నిలబడ్డాడు. మా సందు మలుపులో వడ్రంగి పని చేస్తాడు. అన్న జనాజా వెంట చివరిదాకా నడిచాడు. ఇప్పుడు చంకలో గుడ్డ చుట్టిన చెక్క ఒకటి ఉంది.

"తేవాల్నా వద్దా అని ఇన్ని రోజులు ఆగిన అమ్మా. తౌసీఫ్ భాయ్ చెప్పిన పని. చేసి ఇంట్ల పెట్టుకుంటె నాకు నిద్ర పడ్తలేదు."

గుడ్డ విప్పాడు. నున్నగా చిత్రిక పట్టిన టేకు చెక్క, ముందంచుకు చిన్న పిట్టగోడ లాంటి చట్రం, గోడకు బిగించే రెండు కొక్కేలు.

"ఎప్పుడు చెప్పిండు?" అన్నాను.

"ఆ పొద్దున్నే అక్కా. దుకాణానికి పోతా పోతా ఆగిండు. టేపు తీసి కొలతలు చూపిచ్చిండు. ఏమిటికి అంటె గిట్ల చేసిండు."

చంద్రమౌళి రెండు అరచేతులు పుస్తకంలా తెరిచి, కళ్లకు అద్దుకుని, నెత్తికి పైగా ఎత్తాడు. అక్కడ ఒక చెయ్యి ఆపి, రెండో చేతి రెండు వేళ్లను కొమ్ముల్లాగా దాని కింద నిలబెట్టాడు. రూటర్‌కు ఉండే రెండు కొమ్ములు.

"కితాబు మీద, డబ్బా కింద. గంతే గద అమ్మా?"

అమ్మీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. చంద్రమౌళి పీట ఎక్కాడు. మళ్లీ కొలవాల్సిన పని రాలేదు. చెక్క నీలం గీత మీద సరిగ్గా కూర్చుంది. ఒక్కో స్క్రూ బిగిస్తూ, మావైపు చూడకుండా, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు.

"నేను రెండు దినాలైతది అన్న. కాదు, ఇయ్యాలనే కావాలె అన్నడు. ఎందుకంత జల్ది భాయ్, ఎవలన్న వస్తాన్రా అని అడిగిన. దానికి ఏందో చేసి చూపిచ్చిండు. నాకు సమజ్ గాలే. మళ్ల మళ్ల చూపిచ్చిండు, నవ్వుకుంట."

"ఎట్ల చూపిచ్చిండు?" అంది అమ్మీ.

చంద్రమౌళి పీట మీంచి దిగి, స్క్రూడ్రైవర్ కింద పెట్టి, కుడిచెయ్యి తన వీపు వెనక్కు తీసుకుపోయి, భుజం మీంచి లేని జడను ముందుకు లాగాడు.