నా గట్టు దాటని ట్రాక్టరు

మా తోటను పెరడు అన్న మనిషి మా బావ. మా ఆవిడకు సొంత అన్న. ఆయన నిమ్మతోటకూ మా నిమ్మతోటకూ మధ్య నా గట్టు ఒకటి, దాని అవతల ఆయన నేలలో వాన నీళ్ళు పోయే కాలవ ఒకటి. ఆయనకు పెద్ద ట్రాక్టరు ఉంది. నాకు లేదు. వానలు పడి చెట్ల మధ్య గడ్డి మోకాలెత్తు లేచినప్పుడల్లా నేను వెళ్ళి అడగాలి. ఆయన తన తోట దున్నుకుని, తోడల్లుడి తోట దున్నించి, దుత్తలూరు దారిలో బాడుగలన్నీ చూసుకుని, నేల రాయి అయిపోయాక నాకు పంపేవాడు. పంపి ఊరుకునేవాడా, "మా చెల్లెలి మొఖం చూసి పంపినా" అని ఊరంతా చెప్పేవాడు. పైగా ఆ బండి వచ్చిన ప్రతిసారీ పూత మీదున్న కొమ్మలు విరిగేవి. ఒకసారి విరిగిన కొమ్మ పట్టుకెళ్ళి చూపించాను. ఉదయగిరి బస్టాండు దగ్గర టీకొట్టు ముందు, అందరూ వింటుండగా అన్నాడు:

"నీ పెరట్లో మా బండి పట్టదులే బావా. కొడవలి తీసుకో."

మూడెకరాల తోట అది. టీ గ్లాసు సగంలోనే పెట్టేసి వచ్చాను. ఆ రోజు నుంచి ఆయన్ని 'బావా' అని పిలవడం మానేశాను. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే దగ్గేవాణ్ణి. ఇలాంటివి మరిచిపోవాలని చాలామంది నాకు చెప్పారు. వాళ్ళ తోటను ఎవరూ పెరడు అనలేదు.

ఇక లాభం లేదని చిన్న ట్రాక్టరు కొనడానికి ఆత్మకూరు వెళ్ళాను. షాపాయన నన్ను పట్టించుకోకుండా నా తర్వాత వచ్చిన ప్యాంటు ఆసామికి కుర్చీ వేశాడు. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. నాకు బాగా గుర్తుంది. ఆ ఆసామికి చూపిస్తున్న యంత్రాన్ని నేనూ చూశాను. దాని మీద కూర్చుని గడ్డి కోయవచ్చు. స్టీరింగు లేదు, రెండు చేతులకూ రెండు కడ్డీలు. ఒకటి ముందుకు తోసి ఇంకొకటి వెనక్కు లాగితే బండి నిలబడ్డ చోటే గిర్రున తిరుగుతుంది. నా మనసు దాని మీదికే పోయింది.

"ఇది నిమ్మతోటలో తిరగతాదా?" అని అడిగాను.

"ఫామ్‌హౌసుల్లో లాన్ కోసం సార్ ఇది. మీకెందుకు పెద్దాయనా?"

"ఎందుకంటే ఏంది? మా గడ్డి గడ్డి కాదా?"

"గడ్డేలే సార్. కింద రాళ్ళుంటే బ్లేడు పోతాది."

రాళ్ళ మాట నిజమే. మా నేలలో మట్టికన్నా గులకరాళ్ళే ఎక్కువ. గడ్డిని మట్టిలో కలిపి దున్నే రోటవేటరు వెనక తగిలించిన చిన్న ట్రాక్టరే తీసుకున్నాను. తాళం చేతికిచ్చేటప్పుడు షాపాయన నాకూ కుర్చీ వేశాడు. నేను కూర్చోలేదు.

బండి ఇంటికొచ్చిన రోజు పూజ. నేను పిలవలేదు, మా ఆవిడ పిలిచింది. బావ వచ్చాడు. కుంకుమ బొట్లు, పూలదండ అన్నీ అయ్యాయి. మా తోటలోని మంచి కాయలు నాలుగు ఏరి, నాలుగు చక్రాల కిందా పెట్టి, నేను సీటు ఎక్కాను. బావ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చాడు.

"ఏంది బావా, ట్రాక్టరు కన్నా నిమ్మకాయలే పెద్దవిగా ఉండాయే! జాగ్రత్త, ఎక్కలేక తిరగబడతాది."

జనం నవ్వారు. ఆయనకు అది చాలలేదు.

"ఎక్కడ కొన్నావు? ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే వాళ్ళ చేత చెక్కించినావా?"

నేను ఇంజను ఆపి, సీటు మీదే నిలబడి చెప్పాను. "అందరూ వినండి. ఈ జన్మలో ఈయన ట్రాక్టరు నా గట్టు దాటదు."

"దాటదులే," అన్నాడు బావ తాపీగా. "నువ్వు పిలిచిందాకా దాటదు. అదీ ఉత్తినే పిలిస్తే కుదరదు. నోరారా బావా అని పిలవాల."

ఆ వానాకాలం నా అంత సుఖపడ్డవాడు లేడు. వాన వెలిసిన మర్నాడే దున్నాను. ఒక్క కొమ్మ విరగలేదు. గడ్డి అయిపోయాక గడ్డి లేని చోట కూడా దున్నాను. "వాకిలి ఒకటి మిగిలింది, అదీ దున్నెయ్. ముగ్గు బాధ తప్పతాది," అని మా ఆవిడ సణిగింది.

అయితే బావ చూడని దున్నకం దున్నకం కాదు. అందుకని ఎక్కువగా గట్టు పక్క వరసలోనే తిప్పేవాణ్ణి. ఒక సాయంత్రం ఆయన తన మోటారు కొట్టం ముందు నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూస్తున్నాడా లేదా తేల్చుకుందామని తల తిప్పాను. ఆ సంగతి తేలేలోపే బండి గట్టెక్కి దిగింది. ముందు చక్రాలు ఆయన కాలవలో, రోటవేటరు నా గట్టు మీద.

రివర్సు వేశాను. వెనక చక్రాలు తిరిగి గట్టు మట్టిని నా వీపు మీద పోశాయి, అంతే. ఉదయగిరి కొండ మీద కోట వైపు నల్లగా మబ్బు పట్టింది. వాన పడితే ఆ కాలవ బొడ్డులోతు పారుతుంది. ఇంజనులోకి నీళ్ళు పోతాయి. బావ కదల్లేదు. ఇంట్లోంచి టీ తెప్పించుకున్నాడు.

నేను పిలవలేదు. న్యాయంగా మాట్లాడాను. "ఓయ్! నా బండి నీ నేలలో ఉండాది. నీకు అడ్డమైతే తీసుకోవచ్చు!"

"అడ్డమేం లేదు! ఉండనీ. దాని మీద పాదు ఎక్కిస్తాం, బీరకాయలు కాస్తాయి!"

మా ఆవిడ పరుగెత్తుకొచ్చి, "అన్నా, వానొస్తాండాది, లాగన్నా!" అంది.

"నువ్వు కాదమ్మాయ్, ఆయన పిలవాల."

చినుకులు మొదలయ్యాయి. కాలవలో ఎర్రనీళ్ళు కదిలాయి. కనీసం చక్రం కింద రాళ్ళన్నా వేద్దామని గట్టు దిగబోయి, తడిమట్టి మీద జారి, వెల్లకిలా నీళ్ళలో పడ్డాను. పడుతున్నప్పుడు నోట్లోంచి ఏదో కేక వచ్చింది.

బావ మంచం మీద నుంచి లేచాడు. "విన్నావా అమ్మాయ్? పిలిచినాడు!"

"పిలవలేదు! జారినాను!" అన్నాను నీళ్ళలోంచి.

"జారితే అమ్మా అంటారు గాని, బావా అంటారా ఎవరన్నా?"

పెద్ద ట్రాక్టరు తెచ్చాడు. గొలుసు కట్టి తన వైపు నుంచే లాగాడు. అది ఆయన నేలలోనే నిలబడి లాగింది కాబట్టి నా గట్టు దాటలేదు. ఈ విషయంలో నా మాట ఈ రోజుకూ నెగ్గుతోంది. కానీ నా బండి ఆయన తోటలో తేలింది. ఇంటికి రావాలంటే ఆయన తోట మధ్యగా, ఆయన వాకిలి ముందు నుంచి, ఆయన గేటులోంచి రావాలి. బురదబట్టలతో నేను డ్రైవింగు చేస్తుంటే ఆయన గొడుగు వేసుకుని ముందు నడిచాడు, ఊరేగింపులో లాగా. గేటు దగ్గర చెయ్యెత్తి ఆపి, గబగబా నాలుగు నిమ్మకాయలు నా నాలుగు చక్రాల కిందా పెట్టాడు.

"పోనీ బావా. పెద్ద గండం గడిచింది గదా."

తొక్కించి వచ్చేశాను. జారినప్పుడు అన్న మాట పిలుపు కిందికి వస్తుందా రాదా అని ఏ పండక్కి కలిసినా మా మధ్య వాదన నడుస్తూనే ఉంది. మా ఆవిడ వాళ్ళన్న వైపు. సరే, దాన్ని పక్కన పెడదాం. ఆ నాలుగు కాయలూ ఎక్కడివి? ఆయన తోటలో కోతలైపోయి అప్పటికి ఒక్క పండూ లేదు. నా గట్టు మీద నుంచి ఆయన వైపు వంగిన కొమ్మను మర్నాడు పోయి చూశాను. నాలుగు తొడిమలు పచ్చిగా ఉన్నాయి. ఎప్పుడు అడిగినా దగ్గుతాడు.