ఫ్లెక్సీలో కోసిన ముఖం

పడినవాణ్ణి లేపేవాడు, మేము తలుపు మూసినా తాను మూయనివాడు అయిన ప్రభువుకు స్తోత్రం. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా ఆయనే ధైర్యం ఇవ్వాలి.

మొన్న కొండపాకలో బస్సు కోసం నిలబడితే, రోడ్డు పక్కన మక్కజొన్నల కుప్ప మీద పాత ఫ్లెక్సీ కప్పి ఉంది. పైన 'అన్నకు పుట్టినరోజు శుభాకాంక్షలు' అని, కింద రెండు వరుసల నల్ల కళ్లద్దాల పోరగాళ్లు. చివర ఒకడికి ముఖం లేదు. బ్లేడుతో గుండ్రంగా కోసేశారు. అందులోంచి మక్కలు కనిపిస్తున్నాయి. "గీ పొక్క ఎవడు జేసిండో గని అక్కా, వానొస్తే నీళ్లన్నీ గిండ్లకెల్లే పోతయ్," అన్నాడు రైతు. అది మా తమ్ముడి ముఖం ఉండాల్సిన చోటు.

సిద్దిపేటలో మా సంఘానికి డోలక్ వాయించేది వాడే. పాట నచ్చితే వేగం పెంచేవాడు. ముసలమ్మలు చప్పట్లు అందుకోలేక నవ్వుతూ తిట్టేవారు. ఒక ఆదివారం తాగి వచ్చాడు. తప్పు చేసినవాడికి పశ్చాత్తాపపడేదాకా ప్రభువు బల్లలో రొట్టె ఇవ్వకపోవడం మా పద్ధతి. మా పెద్దలు దానికి ఇంకొకటి కలిపారు: వాడికి వందనాలు కూడా చెప్పకూడదు. సిగ్గుపడి మారతాడనుకున్నారు. సండే స్కూలులో తప్పిపోయిన గొర్రె కథ చెప్పే నేనూ అలాగే అనుకున్నాను. ఇంట్లో అన్నం పెట్టేదాన్ని, మాట్లాడేదాన్ని కాదు. ఆరు వారాలు వాడు గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ వందనాలు చెప్పాడు. ఏడో వారం రాలేదు.

చాయ్ హోటల్ ముందు ఒక గుంపు కూర్చునేది. వాళ్ల పెద్దను అందరూ అన్న అనేవారు. ఆ అన్న మా తమ్ముణ్ణి మొదట అడిగింది ఒక్కటే: "తిన్నవా తమ్మీ?" ఆ మాట కోసమే పోతారు. కత్తి తర్వాత చేతికొస్తుంది. అన్న పుట్టినరోజుకు నడిరోడ్డు మీద బండి సీటుపై కేకు పెట్టి తల్వార్‌తో కోశారు. ఫ్లెక్సీలో తన ఫొటో చూపించడానికి తమ్ముడు నన్ను వెంటబెట్టుకుపోయాడు. "సూడక్కా, గీడ నేను గుడ ఉన్న!" నేను తల తిప్పుకున్నాను.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం వాడు అన్నం ముందు కూర్చోకుండా చేతులు కడుగుతూనే ఉన్నాడు. ఆటో నడిపే ఒకాయన అన్నకు ఎదురు మాట్లాడాడట. "నేను పట్టుకున్ననక్కా, ఆళ్లు కొట్టిన్రు. ఆయన 'అవ్వా' అని మొత్తుకున్నడు. నా చేతులల్ల ఇంకా వణుకుతనే ఉన్నడు." మరునాటి నుంచి చాయ్ హోటల్‌కు పోలేదు. మూడో రోజు పొద్దున ఫ్లెక్సీలోంచి కోసిన వాడి ముఖం మా గుమ్మం ముందుంది, మీద రాయి పెట్టి.

ఆ ఆదివారం వాడు నా వెంట ఆరాధనకు వచ్చాడు. వెనకే రెండు బండ్లు, మెల్లగా. గేటు దగ్గర మా పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బండ్లు ఆగాయి గానీ ఇంజన్లు ఆగలేదు. "రా తమ్మీ, అన్న పిలుస్తుండు," అన్నాడొకడు, ప్రేమగానే. మోకాళ్ల నొప్పులతో ఎప్పుడూ కుర్చీ దిగని ఒక ముసలమ్మ లేచి వచ్చి తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "వందనాలు బిడ్డా. తిన్నవా?" అంది. తర్వాత బండ్ల వైపు తిరిగి, "వీడు డోలక్ కొట్టాలె. మీరొస్తే రాండ్రి, చెప్పులిడిచి," అంది. ఒకడు నవ్వాడు. ఇంకొకడు ఫోన్‌లో తమ్ముడి ఫొటో తీసుకున్నాడు. వెళ్లిపోయారు.

ఇప్పటికీ ప్రతి ఆదివారం ముసలమ్మలు వాడి చుట్టూ నడిచి ఇంటిదాకా దిగబెడతారు. డోలక్ వేగం మళ్లీ పెరిగింది. కానీ బయట బండి చప్పుడు మెల్లబడితే వాడి చెయ్యి ఆగుతుంది. అది దాటి పోయేదాకా మా పాటా ఆగుతుంది. చదువుతున్నవారు కూడా మాతో ఒక్క నిమిషం ప్రార్థించండి: వాడి కోసం, ఆ ఆటో ఆయన కోసం, ఆ ఫ్లెక్సీలో ఇంకా ముఖాలు మిగిలిన పిల్లల కోసం. మా కోసం కూడా. ఏళ్లు గడిచాయి గానీ, వందనాన్ని నోట్లోనే మింగిన ఆ ఆరు వారాలు మాకింకా గడవలేదు.