దొరసానితో నడిచిన కదిరమ్మ

ముప్పై రెండేళ్లు వచ్చేదాకా కదిరమ్మ నెత్తిన ఏదో ఒక బరువు లేకుండా ఊరు దాటిన మనిషి కాదు. నీళ్ల బిందో, పేడ గంపో, కట్టెల మోపో, చేలో వాళ్లకు సంగటో. గుమ్మఘట్టలో ఆడోళ్లంతా అంతే. అట్లాంటి మనిషికి పందొమ్మిది వందల డెబ్బై నాలుగులో ఒక పని దొరికింది. ఆ పనిలో చేయాల్సింది నడవడం ఒక్కటే.

ఆ ఏడాది ఫ్రాన్సు దేశం నుంచి మొగుడూ పెళ్లాలిద్దరు వచ్చి బయ్యన్న మిద్దెలో దిగినారు. బయ్యన్న ఊళ్లో పెద్ద రైతు. పాత మిద్దె ఖాళీగా పడుంటే వాళ్లకు బాడుగకిచ్చినాడు. ఆయన పేరు రెమీ. వంకలకు అడ్డంగా రాతికట్టలు కట్టించి వాననీళ్లు నిలబెట్టే సంస్థలో ఇంజనీరు. ఊరు ఆయన్ని రామిదొర అనింది. భార్య పేరు ఓదీల్. ఆమె ఓబులమ్మ అయింది.

రెమీకి పని ఉండె. తెల్లారితే జీపెక్కి పోయేవాడు. ఓదీల్‌కు ఇల్లు మిగిలింది. ఎట్ల సర్దినా ఆ ఇల్లు ఆమెకు కుదరలేదు. మంచాన్ని మిద్దె మీదికి ఎక్కించింది, వారానికి మళ్లీ దించింది. కిటికీలకు పచ్చగుడ్డలు కట్టింది, ఎండాకాలం గాలికి అవి పీలికలైనాయి. వాళ్ల దేశపు జున్ను చేయాలని మేకపాలు విరగ్గొట్టి గుడ్డలో మూటగట్టి దూలానికి వేలాడదీసింది. వాకిట్లో బల్ల వేసుకుని ఉత్తరాలు రాసుకునేది. నీడ జరిగితే బల్ల జరిపేది. పొద్దున ఇంటికి పడమర పక్కనున్న బల్ల సాయంత్రానికి తూర్పుకు చేరేది. “ఆయమ్మ నీడెంబడి ఇల్లు చుట్టి వస్తాండాది” అని బయ్యన్న భార్య బయమ్మ నవ్వేది.

ఎండ తగ్గినాక ఓదీల్ బయటికి పోయేది. చేతిలో ఏమీ ఉండదు. రాయదుర్గం బాట పట్టుకుని అంత దూరం పోయి, తిరిగి వచ్చేది. “యాడికి పోతాండావమ్మా?” అని దారిలో అందరూ అడిగేవాళ్లు. ఊళ్లో ఆమె నేర్చుకున్న మొదటి మాటల్లో ఒకటి వాళ్లకు చెప్పేది. “ఊరికే.”

ఊరికే నడిచే మనిషిని ఆ పక్క ఎవరూ చూళ్లేదు. భూమి కొలుస్తాండాదని కొందరు, గుట్టల్లో పాతిపెట్టిన బంగారం జాడ తీస్తాండాదని కొందరు అనుకున్నారు. ఒకరోజు ఆమె శెనగచేలల్లో దారి తప్పింది. మందతో ఇల్లు చేరుతున్న గొర్రెలాయన ఒకడు ఆమెను వెంటబెట్టుకొచ్చి దిగబెట్టినాడు. ఆమె పిక్క మీద కుక్క కరిచిన గాయం. రెమీ బయ్యన్న దగ్గరికి పోయి, ఎవరైనా తోడు కావాలన్నాడు. బయ్యన్న కదిరమ్మను పిలిపించినాడు.

“ఏం పనన్నా?” అనింది కదిరమ్మ.

“ఆయమ్మతో నడిచేది.”

“నడిచి?”

“వెనక్కి వచ్చేది.”

“మధ్యలో ఏం చేయల్ల?”

“ఏమీ లేదు మే. కట్టమీద రాళ్లు మోసేదానికంటే మేలు కదా.”

కదిరమ్మకు అది మేలనిపించలేదు, సిగ్గనిపించింది. మొదటి రోజు కొడవలీ గంపా పట్టుకుని పోయింది. ఎవరన్నా అడిగితే గడ్డికి పోతున్నానని చెప్పొచ్చు. దారిపొడుగునా పేడ ఏరింది, పుల్లలు విరిచింది. ఓదీల్ నాలుగు అంగల్లో ముందుకు పోవడం, ఆగడం, వెనక్కి చూడడం. ఇట్ల పది రోజులు చూసి, ఒకనాడు గంపను తీసుకుని బయమ్మ పశువుల కొట్టంలో పెట్టి వచ్చింది. “ఇప్పుడు పోదాం కదిరక్కా” అనింది.

ఉత్త చేతులతో ఊరు దాటడం కదిరమ్మకు అదే మొదలు. చేతులేం చేసుకోవాలో తెలియలేదు. కొంగు పట్టుకుంది, వదిలింది. బాయి దగ్గర ఆడోళ్లు చూస్తా ఉంటే మెడ వంచుకుని పోయింది. వంక దాటినాక మాత్రం మెడ లేచింది. మెడ మీద బరువు లేకపోతే గుట్టలు అంత దూరం కనిపిస్తాయని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

ఓదీల్ ప్రతిదానికీ పేరు అడిగేది. తంగేడు, బలుసు, ఉడుము, తొండ. ఆ ఊరేది, ఈ బాట యాడికి పోతుంది అని అడిగితే మాత్రం కదిరమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు. పుట్టిల్లు నాలుగు మైళ్ల అవతల. మిగతా బాటలతో ఎన్నడూ పని పడలేదు. ఇంక ఇద్దరూ కలిసి చూసుకున్నారు. ఒకరోజు వేదవతి ఏటి ఇసకదాకా, ఒకరోజు కన్నడం మాట్లాడే ఊళ్లదాకా. కదిరమ్మ కన్నడం అందుకుని మాట్లాడేసరికి ఓదీల్ ఆగి చూసింది. “నీకు రెండు భాషలు వస్తాయని ఎందుకు చెప్పలేదు?”

“అది భాషని ఎవరనుకున్నారమ్మా. సంతలో మాటలు.”

రెండో ఏడుకు ఓదీల్ తెలుగు అచ్చంగా కదిరమ్మ తెలుగైంది. ఒక సాయంత్రం రాతికట్ట మీద కూచుని చెప్పింది. “మా ఊళ్లో సముద్రం. ఎప్పుడూ వాన, మబ్బు. ఎండ ఉండే దేశానికి పోదామని రెమీని నేనే పోరుపెట్టినా. ఇప్పుడు ఆ ఎండ నన్ను ఇంట్లో ఉండనీదు, బయట ఉండనీదు.”

“అయితే మీ ఊరికి పోతే?”

“ఆడ కూడా ఉండలేకనే కదా వచ్చింది.”

కదిరమ్మకు ఆ మాట కొంచెమే అర్థమైంది. మిగతాది ఆమెకు తన ఇంట్లో తెలిసింది. పొద్దున సంగటి కెలుకుతుంటే కాళ్లు వాకిలి వైపు లాగేవి. వాన పడి నడక లేని రోజు ఊరంతా సంతోషంగా ఉంటే ఆమె గడపలో కూచుని కాళ్లు పిసుక్కునేది. పదిసార్లు లేచేది. భర్త రామప్ప రాళ్లు కొట్టేవాడు, మాట తక్కువ మనిషి. “నీకేం పట్టిందే?” అని అడిగి, ఆంజనేయస్వామి గుడిలో తాయెత్తు కట్టించినాడు. తొమ్మిది శనివారాలు కాలినడకన గుడికి రమ్మన్నాడు పూజారి. ఆమె ఒక్కటి కూడా తప్పలేదు. తొమ్మిదయినాక ఇంకో రెండు పోయింది.

డెబ్బై ఆరులో వానల్లేవు. మనుషులు చిరాగ్గా ఉన్నారు. ఒక సాయంత్రం కన్నడపు ఊరి గుట్ట దిగుతుంటే నలుగురు మొగోళ్లు అడ్డం నిలిచినారు. “ఎల్లిగె?” అని ఒకడు అడిగినాడు, యాడికి అని. గుట్ట మీద తవ్విన గుంటలేవో కనిపించినాయంట. ఈ తెల్లామె వచ్చి పోయినప్పటి నుంచే అంట.

“మేం తవ్వలేదు. నడుస్తాండాం” అని కదిరమ్మ కన్నడంలోనే చెప్పింది.

“పని లేకుండా ఇంత దూరం ఎవరు నడుస్తారు?”

కదిరమ్మకు అప్పుడు కోపమొచ్చింది. “మీరు సాయంత్రమైతే కట్ట మీద కూచుంటారు. ఏం పనుండి కూచుంటారు? మేం కూచోం, నడుస్తాం. గుట్ట అరిగిపోయిందా?”

వాళ్లు ఇద్దర్నీ ఊరిపెద్ద శ్రీరంగప్ప ఇంటికి తీసుకుపోయినారు. ఆయన మజ్జిగ ఇప్పించి, ఇద్దరి చేతులూ చూపించమని చూసి, తవ్విన చేతులు కావని చెప్పి పంపించినాడు. కానీ మరునాడు రామప్పకు కబురు పెట్టినాడు, ఆడమనిషిని అట్ల తిరగనీయొద్దని. రామప్ప కేకలు వేయలేదు. “ఇంక చాలు” అన్నాడు, అంతే.

కదిరమ్మ పదకొండు రోజులు ఇంట్లో ఉండింది. రెమీ కూడా ఓదీల్‌ను ఒంటరిగా పోవద్దన్నాడు. సాయంత్రమైతే ఓదీల్ మిద్దె మీద నడిచేది. ఈ చివర నుంచి ఆ చివరకి, ఆ చివర నుంచి ఈ చివరకి. కదిరమ్మ వాకిట్లో నుంచి ఆ మనిషి కనిపించేది. అంట్లు తోముతా కదిరమ్మ చూసేది, తల తిప్పుకునేది, మళ్లీ చూసేది. బోనులో జంతువును చూసినట్టుండేది. బోనులో ఉండేది ఆయమ్మా తానా అనేది తెలియకుండా పోయేది.

పన్నెండో రోజు చేతులు కడుక్కుని లేచింది. రామప్ప గడపలో కూచుని తాడు పేనుతున్నాడు.

“యాడికి?”

“బయటికి.”

ఆయన తాడు పేనడం ఆపలేదు. కాళ్లు పక్కకు తీసి దారిచ్చినాడు. “ఎండ దిగలేదు. నీళ్లు తాగిపో” అన్నాడు.

ఆ తర్వాత మూడేళ్లు ఇద్దరూ నడిచినారు. డెబ్బై తొమ్మిదిలో రెమీకి ఆఫ్రికాలో పని వచ్చింది. ఓదీల్ ఏడుస్తుందని కదిరమ్మ అనుకుంది. ఏడవలేదు. పెట్టెలు సర్దేటప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూసి కదిరమ్మకు మనసు నొచ్చింది. “ఆడ కూడా ఎండే కదమ్మా” అనింది.

“వేరే ఎండ” అని ఓదీల్ నవ్వింది. జీపు కదిలేటప్పుడు కదిరమ్మను గట్టిగా పట్టుకుంది. కానీ చూపు అప్పటికే బాట మీద ఉండింది. కదిరమ్మ చాన్నాళ్లు ఆ చూపు మీది కోపం మరవలేదు.

నడక మాత్రం మానలేదు. జీతం లేదు, తోడు లేదు, ఊరు మాట్లాడింది, మాట్లాడి అలిసిపోయింది. ఎనభై ఒకటిలో ఆరోగ్య కేంద్రానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. పల్లెల్లో పిల్లలకు సూదులు వేయించేదానికి దారి తెలిసిన ఆడమనిషి కావాలని అడిగితే, బయ్యన్నే కదిరమ్మ పేరు చెప్పినాడు.

“ఎన్ని ఊళ్లకు దారి తెలుసు?” అనింది డాక్టరమ్మ.

కదిరమ్మ వేళ్లు మడుస్తా పోయింది. పదిహేడు దగ్గర డాక్టరమ్మ చాలనింది.

కేంద్రం నర్సు ముందు, మంచుగడ్డల్లో మందు పెట్టిన డబ్బాతో కదిరమ్మ వెనక. ఊరు వచ్చేసరికి కదిరమ్మ ముందు. మందు అంటే తలుపులు వేసుకునే తల్లులతో తెలుగు ఊళ్లో తెలుగులో, కన్నడపు ఊళ్లో కన్నడంలో మాట్లాడేది. శ్రీరంగప్ప మనవరాలికి మొదటి సూది ఆమె ఒళ్లో కూచోబెట్టుకునే వేయించింది. ఆయన ఆమెను గుర్తుపట్టినాడో లేదో, మజ్జిగైతే ఇప్పించినాడు.

ఎనభై నాలుగులో ఓదీల్ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆఫ్రికా నుంచి కూడా కాదు, ఇంకో దేశం నుంచి. ఇంగ్లీషులో ఉంటే నర్సు చదివి తెలుగులో వినిపించింది. రెమీ వేరే, తాను వేరే ఉంటున్నామని, ఇంకా ఇల్లు కుదరలేదని రాసింది. కదిరమ్మ జవాబు రాయిద్దామనుకుని, రాయించేలోపు ఆమె ఆ ఊళ్లో ఉండదులే అని ఊరకుండింది. ఆ వారమంతా ఏ పనీ చేతికి రాలేదు.

ఎనభై ఆరులో ఆ పల్లెలకు బస్సు వేసినారు. నర్సు బస్సెక్కేది. కదిరమ్మ డబ్బా ఆమె చేతికిచ్చి, అడ్డదారిన పోయి బస్సు కంటే పది నిమిషాలు ఆలస్యంగా చేరేది. పని అయినాక తిరుగుదారిలో ఇంకో గుట్ట చుట్టి వచ్చేది. ఇంట్లో రామప్ప సంగటి తానే కెలుక్కుని, ఆమె వంతు మూతపెట్టి, ఈ రోజు ఏ పక్క నుంచి వస్తాదో అని రెండు బాటలూ చూస్తా కూచునేవాడు.