కడపకు మోసుకుపోయిన నిషాదం

కర్నూలు నుంచి కడపకు పోయేవాళ్లకు నా సలహా ఒకటే. రైలు వేళల కోసం ఎదురు చూడకుండా పొద్దున్నే బస్సెక్కండి. నేను ఆరున్నర బస్సుకు వెళ్లాను. భుజాన వయొలిన్, ఒళ్లో ఒక అట్టపెట్టె. అందులో పదహారు మంది తీగవాద్యాల వాళ్లకు విడివిడిగా రాసిన స్వరాల కాగితాలు. పెట్టెను పైన పెట్టమని కండక్టరు రెండుసార్లు చెప్పాడు. పసిబిడ్డను పైన పెడతామా అనాలనిపించింది కానీ నవ్వి ఊరుకున్నాను.

టీవీ సీరియళ్లకు, ప్రకటనలకు వెనక మోగే వయొలిన్ల గుంపు సంగీతం రాయడం నా బతుకుతెరువు. ఆ గుంపు ఉండేది కంప్యూటర్‌లో. మీట నొక్కితే నలభై వయొలిన్లు పలుకుతాయి. ఒక్కదానికీ చెమట పట్టదు. ఏళ్ల తరబడి ఇలా రాశాను గానీ నా రాత ఒక్కసారైనా మనుషుల చేతుల్లో మోగగా వినలేదు. ఆ కోరిక మనసులో ముల్లులా ఉండిపోయింది. అలాంటప్పుడు కడపలో బట్టల కొట్టున్న సుబ్బయ్యశెట్టిగారు ఫోన్ చేశారు. తల్లి సంవత్సరీకానికి, ఆమె పాడుకునే విసుర్రాయి పాటను వయొలిన్ల గుంపుతో వాయించాలన్నారు. మనుషులేనా, నిజం వయొలిన్లేనా అని మూడుసార్లు అడిగి ఒప్పుకున్నాను.

పాణ్యం దాటాక కాగితాలు తీసి చూసుకుంటుంటే పక్క సీటాయన తొంగి చూశాడు. మహానందికి పోతున్నాడట, భార్యతో.

"ఏమప్పా, ఎవరిదన్నా జాతకమా అది?"

పాటేనని, వాద్యాలను నాలుగు గొంతులుగా విడదీసి నాలుగు రకాలుగా రాశానని చెప్పాను.

"ఒక పాటకు నలుగురెందుకప్పా? మా ఇంట్లో ఇద్దరుంటేనే పొద్దుకులూ కొట్లాట," అన్నాడు. కిటికీ వైపు కూర్చున్న భార్య తల తిప్పకుండా, "కొట్లాడేది నువ్వొక్కనివే," అంది.

నంద్యాలలో వాళ్లు దిగిపోయారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. గొంతులు అమర్చడమంటే కొట్లాడుకునేవాళ్లను పంక్తిలో కూర్చోబెట్టడమే. కింది స్థాయిలో స్వరాలను ఇరుకుగా పెడితే రొద తప్ప ఏమీ వినిపించదు, అక్కడ ఎడం కావాలి. పైకి పోయేకొద్దీ దగ్గర చేయవచ్చు. ఇక ఈ పాటలో నా గర్వమంతా ఒక నిషాదం, సరిగమల్లో చివరి 'ని'. శెట్టిగారి తల్లి పాట మోహన రాగం పోలికలో ఉంది, అందులో నిషాదమే లేదు. పాట చివర షడ్జం మీద, అంటే 'స' మీద ఆగుతుంది. ఆ షడ్జం పక్కనే నిషాదం పెడితే చెవిలో గుచ్చుకుంటుంది. దాన్నే బాగా కిందికి దించి, మధ్యలో గాంధారాన్నీ పంచమాన్నీ కూర్చోబెడితే గుచ్చుకోదు, గుండె పట్టేస్తుంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న తోడికోడళ్ల మధ్యన ఇద్దరు మంచివాళ్లను కూర్చోబెట్టినట్టు. ఆ మంచివాళ్లు లేచిపోతే మాత్రం అంతే సంగతులు.

ఆళ్లగడ్డలో టీ తాగి, మైదుకూరు మీదుగా కడప చేరేసరికి పన్నెండు కావస్తోంది. ఏడురోడ్ల దగ్గర ఒక లాడ్జిలో సామాను పడేసి, కారం దోసె తిని, ఆటోలో కల్యాణ మండపానికి పోయాను. దోసె గురించి చెప్పుకోవాలంటే, ఆ ప్రయాణంలో నేను అనుకున్నది అనుకున్నట్టు దొరికింది అదొక్కటే.

బృందం పెద్ద ఓబులేసు మాస్టారు. తిరుపతి నుంచి చెల్లో, అదే నేలకు ఆనించి వాయించే పెద్ద వయొలిన్, వస్తుందని మాటిచ్చిన మనిషి. వచ్చింది కీబోర్డు. "దాంట్లోనే చెల్లో ఉండాది సార్, నొక్కితే వస్తాది," అన్నారు. కంప్యూటర్ నుంచి పారిపోయి ఇంత దూరం వస్తే అది నాకంటే ముందే వచ్చి కూర్చుంది. మింగలేక కక్కలేక సరేనన్నాను.

అందరూ చాప మీద కూర్చుని శ్రుతి చూసుకుని మొదలుపెట్టారు. పదహారు మందీ పాటే వాయించారు. ఒక్కరు కూడా నేనిచ్చిన కాగితం చూడలేదు. ఆపించి, మిగతా మూడు గొంతులూ ఏవని అడిగాను.

"మీరు ఫోన్లో పంపిన పాట మావాళ్లకు శానా నచ్చింది సార్. అందరూ నేర్చేసుకున్నారు," అన్నారు మాస్టారు, నాకు కానుక ఇస్తున్నంత సంతోషంగా. "పాట నడుస్తాంటే పక్కన ఇంగోటి వాయించేది మర్యాద కాదు గదా సార్. వెంటపోవల్ల."

కచేరీల్లో పాడేవారి వెంట నీడలా పోవడం నేర్చిన చేతులవి. వాళ్ల ప్రేమే నా పాలిట శనైంది. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, మీరు వెంటపోవద్దు, ఇక్కడే ఉండండి అని బతిమాలుకున్నాను.

వాళ్లలో వరలక్ష్మి ఒకామె. రాయచోటిలో పిల్లలకు వయొలిన్ పాఠాలు చెబుతుంది. వయొలిన్ కంటే లావు గొంతున్న వయోలా లేదు గనుక వయొలిన్‌కే లావు తీగ కట్టుకుని వచ్చింది. నా నిషాదం ఆమెకే రాసింది.

"ఇది రాగంలో లేని అన్యస్వరం గదా సార్?"

"అవునమ్మా. కావాలనే రాశాను."

"పక్కనోళ్లు యాడికి పోయినా నేను ఈడనే ఉండల్ల, అంతే గదా," అని కాగితాన్ని దగ్గరికి లాక్కుంది.

నాలుగు గంటలప్పుడు, పాటలో చివరి వరుస ఒక్కటి, ఒక్కసారి పలికింది. పైన షడ్జం, మధ్యన గాంధార పంచమాలు, అడుగున నిషాదం. ఎవరి వేలో వణికింది, తీగల మీద లాగే కమాను ఎవరిదో ముందే అయిపోయింది. అయినా అది నేను రాసిందే. నాకు ఏడుపొచ్చింది. మళ్లీ పలికిద్దామని చెయ్యెత్తేసరికి సుబ్బయ్యశెట్టిగారు లోపలికొచ్చారు. నిలబడి మొత్తం విన్నారు.

"సార్, ఆ నలుగురేంది, ఊరికే ఒకదాన్నే పట్టుకోని గీకుతాండారు? పాట రాదా వాళ్లకు?"

వాళ్లు పట్టుకున్నందుకే పాట నిండుగా ఉందని, వాళ్లు లేకపోతే పలచబడుతుందని చెప్పాను.

"మా అమ్మ ఒక్కతే పాడేది సార్. అది పలచగా ఉంటాండెనా?"

పాట ఆయన తల్లిది. "అందరితోనూ అమ్మ పాటే వాయించండి," అని మాస్టారికి చెప్పి ఆయన వంటవాళ్ల దగ్గరికి వెళ్లారు. నేను బయటికి వెళ్లి మండపం మెట్ల మీద కూర్చున్నాను. లోపల మాస్టారు అందరికీ ఆ మాటే చెబుతున్నారు.

సాయంత్రం ఆరున్నరకు మొదలైంది. పదిహేను మందీ ఒక్క గొంతుతో పాట వాయించారు. వరలక్ష్మి ఒక్కతే నిషాదం పట్టుకుంది. మధ్యలో ఉండాల్సిన మంచివాళ్లు లేరు. షడ్జం కింద అది పచ్చిగా, తప్పుగా మోగింది. ముందు వరుసల్లో తలలు తిరిగాయి. మైకులబ్బాయి గబగబా మీటల మీదికి వంగాడు. ఆమె మాత్రం కాగితం మీదినుంచి చూపు తిప్పలేదు. పాట ముగిశాక చప్పట్లు కొట్టారు. శెట్టిగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. అవి దొంగ కన్నీళ్లు కావు. అందుకే నాకు ఇంకా మండింది.

భోజనాల దగ్గర మాస్టారు ఆమెతో అంటున్నారు: "ఇంగ నిన్ను యాడికీ పిల్చేది లేదమ్మా. పరువు తీసినావు." నేను అడ్డుపడి, రాసింది రాసినట్టు వాయించింది ఆమె ఒక్కతే అని చెప్పాను.

"మీరనేది నిజమే కావచ్చు సార్. విన్నోళ్లకు తప్పే గదా," అన్నారాయన. తర్వాత ఎంత చెప్పినా ఆయన విస్తరిలోంచి తలెత్తలేదు.

మార్చమన్న సంగతి వినలేదా అని వరలక్ష్మిని అడిగాను. "విన్నా సార్. కాగితం ఇచ్చింది మీరు. మీరొచ్చి మార్చమని చెప్పలేదు గదా," అంది. చెప్పలేదు. మెట్ల మీద కూర్చుని అలిగాను. నా అలకకు ఆమె కచేరీలు పోయాయి.

మర్నాడు పొద్దున ఆరింటి బస్సుకు తిరుగు ప్రయాణం. ఖాళీ సీట్లు చాలా ఉన్నా పెట్టె ఒళ్లోనే పెట్టుకున్నాను, అలవాటు కొద్దీ. మైదుకూరు దాటాక ఫోన్ మోగింది. శెట్టిగారు వీడియో పంపారు, "శానా బాగా వచ్చింది సార్" అని రాసి. ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని విన్నాను. నిజంగానే బాగా వచ్చింది. పాట తేటగా ఉంది, ఎక్కడా తప్పు లేదు. నిషాదం కోసం వెనక్కి జరిపి మళ్లీ విన్నాను, శబ్దం పెంచి విన్నాను. మైకులబ్బాయి పనిమంతుడు. రికార్డింగులోంచి ఆమె మైకును పూర్తిగా తీసేశాడు.

చాగలమర్రి వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను. అందరి కమాన్లూ ఒక్కలాగా గబగబా పోతున్నాయి. తెర మూలన వరలక్ష్మి కమాను ఒక్కటే మెల్లగా, నేను రాసినట్టే, శబ్దం లేకుండా చివరిదాకా కదిలింది.