సగానికి ఇగిరిన చెలమ నీళ్ళు

నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబులో నా ఉద్యోగం. సబ్బవరం అవతల మా పుట్టింటి వెనక పారే గెడ్డను మాత్రం ఎన్నడూ పరీక్షించలేదు. ఇంటి నీళ్ళను అనుమానించడమంటే అమ్మ వంటకు వంక పెట్టడమే అనుకునేదాన్ని.

ఎగువన కొండంతా గట్టి రాయి. అక్కడ గెడ్డ తేటగా దిగుతుంది. దిగువన రాయి శిథిలమై ఎర్రమట్టి అయింది, పైన ఏం పోసినా లోపలికి లాక్కుంటుంది. ఒకప్పుడు అక్కడ జీడితోటలు. ఇప్పుడు ఒకపక్క కొత్త కాలనీ సెప్టిక్ ట్యాంకులు, మరోపక్క యూరియా బస్తాలతో పండే కూరగాయలు. గెడ్డ అంచున నాచు దట్టంగా పెరిగితే నీళ్ళకి బలమొచ్చిందని మావాళ్ళు మురిశారు. నాకు ఒళ్ళు మండింది.

ఆ బలం పేరు నైట్రేట్. రంగు లేదు, వాసన లేదు. పసిపిల్లల నెత్తురు ఊపిరిని మోయలేకుండా చేస్తుంది. అన్నీ తెలిసిన నాకు, వదినకు పాలు చాలక రెండు నెలల నా మేనకోడలికి డబ్బాపాలు పడుతున్నారని విన్నాకే బుద్ధొచ్చింది. ఆ పాలు కలిపేది చెలమ నీళ్ళతో, అంటే గెడ్డ ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీళ్ళతో.

ఆదివారం పొద్దున్నే ల్యాబులోని పరీక్ష కిట్టు పట్టుకుని వెళ్ళాను. కొండ మొదట్లో పట్టిన నీళ్ళలో ముంచిన పట్టీ తెల్లగానే ఉంది. చెలమ నీళ్ళలో ముంచింది నిమిషంలో ముదురు గులాబీ అయింది. పరుగున ఇంటికొచ్చి చెప్తే అమ్మ నవ్వింది.

"ఏటే నీ కంగారు? పసిదానికి ఉత్త నీళ్ళు పోత్తామేటి? వామేసి, సగానికి సగం ఇగిరిపోయేదాకా మరగబెడతన్నాను. నీకూ అలాగే పట్టాను."

మరిగిస్తే పురుగులు చస్తాయి. నైట్రేట్ ఎటూ పోదు, నీళ్ళు సగమైతే అది రెట్టింపు చిక్కబడుతుంది. పొయ్యి దగ్గర అమ్మ ఎంత ఓపిగ్గా నిలబడితే సీసాలో అది అంత పెరిగింది.

వదిన ఒడిలోంచి పాపను తీసుకుని గుమ్మం వెలుతురులో చూశాను. పెదాలూ గోళ్ళూ నీలంగా ఉన్నాయి.

"నాల్రోజుల్నించి అలాగే ఉన్నాయి. సలికేమో అనుకున్నాం," అంది వదిన.

ఆటోలో ఆసుపత్రికి బయల్దేరాం. దారిలో పాప ఆకలికి ఏడ్చింది. అమ్మ అలవాటు కొద్దీ సంచిలోంచి సీసా తీసి నోటికి అందించబోయింది. ఆమె చేతిమీద గట్టిగా కొట్టాను. అమ్మను కొట్టడం అదే మొదలు.

పాప దక్కింది. అమ్మ మాత్రం ఆ తర్వాత దాని సీసా ముట్టుకోలేదు.