పంకా లేని విమానం

ఆ రోజుల్లో ఫోటోను బాగు చేయడమంటే అందులోంచి ఏదో ఒకటి తీసేయడమే అనుకునేవాణ్ణి. తప్పు నాది కాదు, వనపర్తిలో మా మామ (అమ్మ తమ్ముడు) ఫోటో స్టూడియోలో చూసి నేర్చుకున్నదే అది. పెండ్లికూతురి ముఖం మీద మొటిమ, వెనక గోడకు వేలాడే కరెంటు తీగ, పక్క నుంచి చొరబడ్డ ఎవరిదో మోచేయి, అన్నీ కంప్యూటర్లో తుడిచేయాల్సినవే. తుడిచేది మాత్రం మామే. నా పని పెండ్లిళ్లలో లైటు పట్టుకుని నిలబడటం. (నా జుట్టు ఒకవైపే ముందుగా నెరవడానికి ఆ వేడే కారణమని నాకు ఇప్పటికీ అనుమానం.) ఎడిటింగ్ కుర్చీలో కూర్చోవాలన్నది ఒక్కటే నా కోరిక. అడిగితే మామ, "పెండ్లి ఫోటో ఖరాబైతే మల్ల పెండ్లి చేస్తరా అల్లుడా? వేరే దేనిమీదన్న నేర్చుకో. నువ్వెవరో తెల్వనోళ్లు నలుగురు మంచిగుందంటే అప్పుడు కూసో," అన్నాడు.

అంతలో మూఢం వచ్చింది. ముహూర్తాలు లేవు, కంప్యూటర్ ఖాళీ. అందులో విమానం నడిపే ఆట ఒకటి ఎక్కించుకున్నాను. మిద్దె మీద పడుకుంటే పైన గీతలా పోయేదే తప్ప, విమానాన్ని దగ్గర నుంచి చూసిన ముఖం కాదు నాది. ఎన్నోసార్లు కూల్చి, చివరికి ఒక చిన్న విమానాన్ని మా దగ్గర్లోని శ్రీరంగాపూర్ చెరువు మీదికి తీసుకెళ్లి (ఆటలో అక్కడ పచ్చటి ముద్ద తప్ప ఏమీ లేదు) కంప్యూటర్లోనే తెరను ఫోటోగా పట్టాను (స్క్రీన్‌షాట్). ఆకాశానికి నీలం పెంచాను. రెక్కలకు పెండ్లికూతురికిచ్చినంత తెలుపు ఇచ్చాను. ఇంతలో విమానం ముక్కు ముందు గుండ్రంగా, మసకగా ఏదో మరక కనిపించింది. లెన్సు మీద ఎవరిదో వేలు పడిందనుకున్నాను. ఆటకు లెన్సు ఎక్కడిదన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. మధ్యాహ్నమంతా కూర్చుని, పక్కనున్న మబ్బును కొద్దికొద్దిగా తెచ్చి అద్దుతూ, ఆ మరకను పూర్తిగా మాయం చేశాను.

ఆ ఆట ఆడే తెలుగువాళ్ల గ్రూపు ఒకటి ఫోన్లో ఉండేది. అందులో పెట్టిన కాసేపటికే నవ్వే ముఖాలు వచ్చి పడ్డాయి. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక మామకు చూపించాను. ఆయనా అయోమయంలో పడ్డాడు.

"నవ్వుతుండ్రంటే ఖుషీ అయినట్టే గదరా."

"మంచిగుందని ఒక్కరు గూడ రాయలే మామా."

అప్పుడే గద్వాల ఆయన ఒకరు రాశారు: "తమ్మీ, గాలిల ఉన్నవు, సరే. ముందట తిరిగే పంకా ఏది?"

పంకా ఏమిటి? అసలు ఫోటో తెరిచి చూశాను. ఆగి ఉన్న పంకాకు రెక్కలు కనిపిస్తాయి, జోరుగా తిరిగేదానికి మసకే కనిపిస్తుంది. స్టూడియోలో నా నెత్తిమీద ఫ్యాను రోజంతా అదే చూపిస్తోంది, తలెత్తితే కదా. ఇక జన్మంతా లైటు పట్టుకోవాల్సిందేనని ఏడుపొచ్చినంత పనైంది.

మామ ఫోన్ తీసుకుని, ఫోటోను పెద్దది చేసి, విమానం ముక్కు దగ్గర చాలాసేపు వెతికాడు.

"గీడ్నే ఉండెనా?"

"ఆఁ."

"ఏడ తుడిచినవో జర గూడ తెలుస్తలేదు గదరా."

"పంకా లేకుంటే విమానం పడిపోతది మామా."

"పడనీ. పెండ్లిపిల్లకు మొటిమలుంటయ్ గాని పంకాలుండవ్. వచ్చి కూసో."

కూర్చున్నాను, ఇంకా లేవలేదు. ఇప్పుడు పెండ్లికూతుళ్లు వచ్చి "పుట్టుమచ్చ తియ్యకు అన్నా, గట్లనే ఉండనీ," అంటుంటే మళ్లీ ఏం చేయాలో తోచక మౌస్ పట్టుకుని చూస్తుంటాను. పని లేనప్పుడు ఆ పాత ఫోటో తెరుస్తాను. ముందర పంకా లేదన్న సంగతి తెలియకుండా అంత ధీమాగా ఎగిరిపోతున్న అప్పటి నన్ను చూస్తే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా కలుగుతుంది.